కొండలెక్కే గ్రూపులో చేరాలనుంది, కానీ వెనకబడతానేమో!

ప్రశ్న: నా వయసు 49. మాది పొదిలి దగ్గర పల్లె. మా వారికి కృష్ణపట్నం పోర్టులో పని కావడంతో మూడేళ్ల కిందట నెల్లూరు వచ్చేశాం. అమ్మాయికి పెళ్లయింది, అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. ఆయన పొద్దున ఏడింటికి వెళితే మళ్లీ రాత్రి ఎనిమిదికే. అపార్ట్‌మెంటులో ఎవరి తలుపులు వాళ్లు వేసుకునే ఉంటారు. కూరగాయల బండతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులున్నాయంటే నమ్ముతారా? షుగరుకు రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. బరువు పెరిగాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. స్టేడియంలో వాకింగ్‌కు వెళితే ఇద్దరు ఆడవాళ్లు పరిచయమయ్యారు. వాళ్లు నెలకు రెండు ఆదివారాలు ఒక గ్రూపుతో కొండలకు వెళ్తారట. నరసింహకొండ, పెంచలకోన, ఉదయగిరి దుర్గం, అన్నీ తిరిగారు. ఆడా మగా కలిసి నలభై మంది దాకా ఉన్నారు. నన్నూ రమ్మంటున్నారు. వెళ్లాలనే ఉంది. కానీ నాలాంటిదాని కోసం అందరూ ఆగాల్సి వస్తుందని సిగ్గు. మా వారు వద్దనరు, సరే అనరు. "డాబా మీద నడిస్తే చాలదా?" అంటారు. తోటికోడలైతే "ఈ వయసులో కొండలెందుకక్కా, ఉన్న మోకాళ్లు కూడా అరగదీసుకోనా?" అని నవ్వింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చేరండమ్మా. అయితే మొదటి ఆదివారమే పెంచలకోన అడవిలోకి వెళ్లకండి. ఉదయగిరి దుర్గాన్ని ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి. మిగతాదంతా ఒక్కొక్కటిగా చూద్దాం.

షుగరు, మోకాలు కంటే సిగ్గే మిమ్మల్ని ఎక్కువగా ఆపుతున్నట్టుంది. అందుకని దాంతోనే మొదలుపెడతాను. ఏ గ్రూపు మంచిదో తెలుసుకోవాలంటే ముందు నడిచేవాళ్లను చూసి లాభం లేదు, అందరికంటే వెనక నడిచే మనిషిని చూడాలి. చాలా గ్రూపుల్లో ఏం జరుగుతుందంటే, కుర్రాళ్లు, బాగా అలవాటైనవాళ్లు గబగబా ఎక్కేసి ఏదో చెట్టు నీడన కూర్చుంటారు. నీళ్లు తాగుతారు, ఫొటోలు దిగుతారు, బిస్కెట్ ప్యాకెట్లు విప్పుతారు. పది నిమిషాల తర్వాత చివరి మనిషి రొప్పుతూ వస్తుంది. ఆమె కనబడగానే "హమ్మయ్య, అందరూ వచ్చేశారు, ఇంక పదండి" అని లేచి బట్టలు దులుపుకుంటారు. అలుపు లేనివాళ్లకు పది నిమిషాల విశ్రాంతి, అలిసిపోయిన మనిషికి అర నిమిషం కూడా లేదు. దారిలో ఇట్లా మూడు చోట్ల జరిగితే ఆమె వచ్చే నెల నుంచి రాదు. కొండలెక్కడం తనకు చేతకాదనుకుంటుంది. ఆమె నడకలో తప్పేమీ లేదు, నడిపించినవాళ్లకే తెలివి లేదు.

మంచి గ్రూపులో చివరి మనిషి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగాకే విశ్రాంతి సమయం లెక్కలోకి వస్తుంది. ఆమె వెనకాల దారి తెలిసినవాళ్లు ఒకరు ఎప్పుడూ ఉంటారు. ట్రెక్కింగ్ వాళ్లు ఆ మనిషిని స్వీపర్ అంటారు. మిమ్మల్ని పిలిచిన ఇద్దరినీ ఇదే అడగండి: "మీలో చివర నడిచేదెవరు, వాళ్ల వెనకాల ఎవరుంటారు?" టక్కున ఒక పేరు చెబితే నిశ్చింతగా వెళ్లండి. "అట్లా ఏముండదు, ఎవరికి వాళ్లే" అంటే ఇంకో గ్రూపు చూసుకోవడం మేలు.

ఇక షుగరు. మీరు మాత్ర పేరు రాయలేదు. ఇంట్లో ఉన్న స్ట్రిప్ మీద చూడండి. ఉట్టి మెట్‌ఫార్మిన్ అయితే నడకలో షుగరు మరీ పడిపోయే భయం తక్కువ. దాంతో పాటు గ్లిమిపిరైడ్ లాంటిది కలిసి ఉంటే సంగతి వేరు. చాలామందికి ఈ రెండూ కలిపిన మాత్రే ఇస్తారు. దాన్ని వేసుకుని, టిఫిన్ సగం తిని, రెండు గంటలు కొండెక్కితే షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. చిక్కేమిటంటే, ఎండలో కొండెక్కే ఎవరికైనా చెమటా దడా ఉంటాయి. అలుపేలే అని సరిపెట్టుకుంటారు. కాబట్టి కొండకు వెళ్లే రోజు మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ముందే డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. జేబులో గ్లూకోజ్ పొడో పంచదార పొట్లమో ఉండాలి. అనుమానం వస్తే ఆగి కూర్చుని మూడు చెంచాలు నోట్లో వేసుకోండి, పావుగంట తర్వాత కూడా తగ్గకపోతే మళ్లీ వేసుకోండి. తేరుకున్నాక ఏదైనా తిని, ఆ రోజుకు కిందికి దిగిపోండి. మీకు షుగరుందని, పొట్లం ఏ జేబులో ఉందో గ్రూపులో కనీసం ఒక్కరికి తెలిసుండాలి. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. నలభై మందిలో మాత్రలు మింగేవాళ్లు మీరొక్కరే అయితే ఆశ్చర్యపోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే ఈసీజీ, కళ్లు, పాదాలు చూపించుకోండి. షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గితే బూటు కరిచినా తెలియదు. కొండకు కొత్త బూట్లు వద్దు. రెండు మూడు వారాలు స్టేడియంలో నడిచి మెత్తబడ్డవి వేసుకోండి. బొటనవేలికి, బూటు కొసకు మధ్య వేలెడు సందుండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు కమిలిపోతాయి. ఇంటికొచ్చాక వేళ్ల సందులు కూడా చూసుకోండి.

మోకాలి విషయంలో మీ తోటికోడలు చెప్పింది సగం నిజం. ఎక్కేటప్పుడు గుండెకు పని, దిగేటప్పుడు మోకాళ్లకు పని. మీకు నొప్పి మెట్లు దిగేటప్పుడే వస్తోందంటే తొడ ముందు కండరాలు బలహీనంగా ఉండి ఉండొచ్చు. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోయినా ముందు ఎముకల డాక్టర్ని కలవాలి. అట్లాంటిదేమీ లేకపోతే ఇంట్లోనే ఒక పని మొదలుపెట్టండి. డైనింగ్ టేబుల్ కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, చేతుల ఊతం లేకుండా లేచి మెల్లగా కూర్చోండి. పొద్దున పది, సాయంత్రం పది. లేవడం కంటే కూర్చోవడం నిదానంగా చేయాలి, అసలు లాభం అందులోనే ఉంది. మీ అపార్ట్‌మెంటులో లిఫ్టుంటే మొదటి మూడు వారాలు మెట్ల మీద ఎక్కండి, లిఫ్టులో దిగండి. ఆ తర్వాత ఒక అంతస్తు, రెండంతస్తులు దిగడం కలుపుకోండి. నెల్లూరులో ఉన్నవాళ్లకు ఇంతకంటే దారి లేదు. ఊరంతా పళ్లెంలా చదునుగా ఉంటుంది, ఎక్కాలంటే ఫ్లైఓవర్లే దిక్కు.

కొండ దిగేటప్పుడు చిన్న అడుగులు వేయండి, ఒక చేతికర్ర ఉంచుకోండి. వెదురుదైనా సరే. మొదటిసారి వెళ్లొచ్చాక ఒకట్రెండు రోజులు తొడలు పట్టేస్తాయి. కమోడ్ మీద కూర్చోవడం కూడా కష్టమవుతుంది. అది మామూలే, మూడో రోజుకు సర్దుకుంటుంది. నొప్పి కండలో కాకుండా కీలు లోపల ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

నెలకు రెండు ఆదివారాలతో ఆరోగ్యం రాదన్న సంగతీ చెప్పాలి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలాలని, కండరాలకు బలమిచ్చే పనులు వారంలో రెండు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. స్టేడియంలో ఐదు రోజులు అరగంట నడిస్తే మొదటిది పూర్తవుతుంది, కుర్చీతో రెండోది. వేగం ఎంతుండాలంటే, పక్కన ఉన్నవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. కొండ మీద కూడా ఇదే లెక్క. మాట రావడం లేదంటే వేగం తగ్గించండి, ముందెవరు వెళ్లిపోతున్నా సరే.

ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాత. మొదటిసారికి నరసింహకొండ చాలు. పెన్న ఒడ్డున, ఊరికి దగ్గర. పైదాకా రోడ్డుంది కాబట్టి మధ్యలో వద్దనిపిస్తే ఆటోలో దిగిపోవచ్చు. తెల్లారేసరికి పైనుంటే కింద నది, వరి మళ్లు కనిపిస్తాయి. ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చేయొచ్చు. కందుకూరు వైపు మాలకొండకు వెళ్దామంటే అక్కడ గుడి తెరిచేది శనివారం ఒక్కరోజే, జనం విపరీతం. దర్శనానికి మంచిదే కానీ నడకకు ఆ రోజు పనికిరాదు. భైరవకోన మీ పొదిలివాళ్లకు కొత్త కాదు కదా. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. నడక తక్కువే, కానీ నీళ్ల పక్కన పాచి పట్టిన బండలే ప్రమాదం. మోకాలు బాగాలేని మనిషి ఆ బండల మీదికి పోకుండా మెట్ల దగ్గరే ఉంటే తప్పేం లేదు.

పెంచలకోనలో గుడి దాకా బస్సే వెళ్తుంది. అక్కడి నుంచి పైన జలపాతాల వైపు దారే అసలైన కొండనడక. ఆ అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. "మనల్నెవరు అడుగుతారు" అనే లీడరుంటే ఆ ఆదివారం ఇంట్లో పడుకోండి. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి గజపతుల దగ్గర్నుంచి దాన్ని తీసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ చేతికి రాలేదు. మీరూ తొందరపడాల్సిన పనిలేదు. పైన పాత మసీదులు, కోటగోడలు చూడదగ్గవే, వచ్చే ఏడాది చూడొచ్చు. ఈలోపు మీవాళ్లు ఉదయగిరి వెళ్తే మీరూ వెళ్లి కింద ఊళ్లో చెక్క చెంచాలు కొనుక్కోండి, అవి ఆ ఊరి ప్రత్యేకత.

మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు కోనల్లో నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. వానలు తగ్గాక, అంటే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా కొండలకు బంగారం లాంటి కాలం. మార్చి సగమయ్యాక తెల్లవారుజామున నరసింహకొండ తప్ప ఏదీ వద్దు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మనుషులెంత! మార్చి నుంచే ఎండిన గడ్డికి నిప్పంటుకునే భయం కూడా ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు ఇరవై మందికి పైగా అడవి మంటల్లో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఇంకో సంగతి మగ లీడర్లకు తట్టదు, ఆడవాళ్లు బయటికి చెప్పరు. బాత్రూమ్ ఉండదని మనవాళ్లు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఎండలో కొండెక్కేటప్పుడు ఇంతకంటే పిచ్చిపని లేదు, షుగరున్నవాళ్లకు మరీ ప్రమాదం. కాబట్టి టెంపో ఎక్కడ ఆగుతుందో ముందే అడగండి. ఏ పెట్రోల్ బంకులో శుభ్రంగా ఉంటుందో, గుడి దగ్గర ఏ వైపు ఉంటుందో పాత సభ్యులైన ఆడవాళ్లకు తెలిసి ఉంటుంది. తెలియకపోతే ఆ గ్రూపులో ఆడవాళ్ల మాట సాగడం లేదని అర్థం. బట్టల విషయానికొస్తే చీర వద్దు, నూలు చుడీదార్ చాలు. చున్నీని నడుముకు చుట్టేయండి. సెంటు పూసుకోవద్దు, బండల్లో తేనెపట్లుంటాయి. గడ్డిలో అడుగు పెట్టేముందు కర్రతో కొట్టి చూడండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పసరు మందులు అన్నీ దండగ. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చడమే పని.

ఇప్పుడు మీరు అసలు దేనికోసం రాశారో ఆ సంగతికి వస్తాను. ఎవరితోనూ మాట్లాడని రోజులున్నాయని సిగ్గుపడుతూ రాశారు. ఒంటరితనంతో బాధపడేవాళ్లు ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2025లో లెక్క చెప్పింది. మీ అపార్ట్‌మెంటులో మూసి ఉన్న తలుపుల వెనక ఇంకెందరున్నారో.

కొండ మీద స్నేహాలు కుదురుతాయని చాలామంది అనుకుంటారు. అక్కడ కుదిరేవి ఫొటోలు. అందరూ ఆయాసపడుతుంటారు, మాటలెక్కడ? స్నేహం కుదిరేది వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ టెంపోలో, టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు, మంగళవారం పొద్దున స్టేడియంలో ఏ విశేషమూ లేకుండా కలిసి నడిచినప్పుడు. అదే మనుషులు, అదే చోటు, వారం వారం. కాబట్టి ఆదివారాలు తప్పిపోయినా పర్వాలేదు కానీ ఆ ఇద్దరితో వారం మధ్య నడకలు మానొద్దు. నలభై మందితో స్నేహం ఎవరికీ కుదరదు, ముగ్గురు చాలు. డబ్బాలో మీకు సరిపడా కంటే రెండు పిడికిళ్లు ఎక్కువ పులిహోర పెట్టుకెళ్లండి, కాసిని వేరుశనక్కాయలు ఎక్కువ వేయండి. "అక్కా, మీ పొదిలి వైపు ఇట్టాగే చేస్తారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

రెండు మూడుసార్లు వెళ్లాక ఏదో ఒక చిన్న పని మీ మీద వేసుకోండి. టెంపో డబ్బులు వసూలు చేయడమో, దిగాక తలలు లెక్కపెట్టడమో, మందుల సంచి పట్టుకోవడమో. పని ఉన్న మనిషిని అందరూ పేరు పెట్టి పిలుస్తారు. పని లేనివాళ్లు "ఆ పొదిలావిడ" దగ్గరే ఆగిపోతారు. ఎవరైనా ఒక వారం రాకపోతే మీరే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం ఆ ఫోన్‌కు సాటిరాదు.

అన్నీ తీపి కబుర్లే ఉండవు. నలుగురు చేరిన చోట ఒకరు చీటీపాటలో చేరమంటారు, ఒకరు బరువు తగ్గే పొడి డబ్బా అంటగడతారు, ఇంకొకరు పొదలకూరు రోడ్డులో ప్లాటుందంటారు. మొదటి ఆరు నెలలు ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు, పుచ్చుకోవద్దు. "మా వారిని అడగాలి" అనే మాట మనకు ఎన్నో చోట్ల అడ్డమే కానీ ఇక్కడ పనికొస్తుంది, వాడుకోండి. ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకోవడం మీకు ఇష్టం లేకపోతే మొదటిరోజే చెప్పేయండి. కులం, పార్టీ గొడవలు వస్తే నాలుగడుగులు వెనకబడి నడవండి, కొండ మీద అదొక సౌకర్యం.

మీ వారి సంగతి నాకు పెద్ద చిక్కుగా అనిపించలేదు. వద్దనే మనిషైతే ఈపాటికి వద్దని ఉండేవారు. ఆయనకు ఆ గ్రూపంటే ఎవరో తెలియదు, ఆదివారం ఒక్కటే ఇంట్లో ఉండే రోజు, ఆ రోజు మీరుండరు. ఈ రెండూ నోరు తెరిచి చెప్పలేక డాబా అంటున్నారేమో. వెళ్లొచ్చా అని అడగకండి. ఎవరితో వెళ్తున్నారు, టెంపో ఎన్నింటికి, ఎన్నింటికల్లా తిరిగొస్తారు, ఆ ఇద్దరాడవాళ్ల నంబర్లు ఇవీ అని చెప్పండి. మొదటిసారి టెంపో ఎక్కించడానికి ఆయన్ని రమ్మనండి, మనుషులను చూస్తే సగం టెన్షన్ పోతుంది. నరసింహకొండకైతే ఆయన్నీ పిలవండి. వస్తే సరి, రాకపోతే టిఫిన్ హోటల్లో కారం దోశ తిని హాయిగా పడుకుంటారు. డాబా మీద నడక కూడా మానాల్సిన పనిలేదు, కానీ డాబా మీద పలకరించేవాళ్లెవరూ ఉండరని ఆయనకు మీరు విడమరిచి చెప్పినట్టు లేదు. ఎవరితోనూ మాట్లాడని రోజుల గురించి నాకు రాశారు. ఆయనకు చెప్పారా?

ఈ వారం చేయాల్సింది రెండే. డాక్టర్ దగ్గరికి వెళ్లడం, ఆ ఇద్దరినీ చివర నడిచే మనిషి గురించి, టెంపో ఆగే చోటు గురించి, అడవి అనుమతి గురించి అడగడం. సమాధానాలు నచ్చకపోతే గ్రూపును వదిలేసి ఆ ఇద్దరినే పట్టుకోండి. సాయంత్రాలు స్వర్ణాల చెరువు గట్టున ముగ్గురూ నడవండి, నెలకొకసారి ఆటో మాట్లాడుకుని నరసింహకొండ ఎక్కిరండి. మరో ఇద్దరు తోడైతే ఆటో ఖర్చు కూడా కలిసొస్తుంది.